వాకిలంతా గచ్చు చేస్తే వాన ఎటు పోవాలి?

గరికపాడు (మా గ్రామీణ విలేఖరి): ఊరి పేరులోనే గరిక ఉంది. అయినా ఈ రోజుల్లో ఏ వీధిలో చూసినా వాకిట్లో గరిక కనిపించడం అరుదు. గేటు దగ్గర మొదలుపెట్టి గడప దాకా, గడప పక్కనుంచి పెరటి బోరు దాకా అంతా సిమెంటు గచ్చే. ఒక్క గరికపాడులోనే కాదు, ఇటు జగ్గయ్యపేట నుంచి అటు నందిగామ దాకా మెట్ట గ్రామాలలో ఇదే వరస. ఇల్లు పూర్తయి చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే రంగులకన్నా ముందు వాకిలికి గచ్చు పోయించడం ఆనవాయితీ అయింది.

ఇందుకు గృహస్థులను తప్పు పట్టడానికి లేదు. ఇది నల్లరేగడి నేల. వాన పడిందంటే అడుగు తీసి అడుగు వేయడం కష్టం. చెప్పుకు అంటిన మట్టి చెప్పుకన్నా బరువు తూగుతుంది. ధాన్యం ఎండబోసుకోవాలన్నా, మిరపకాయలు ఆరబెట్టుకోవాలన్నా, పెళ్ళికి పందిరి వేసి నలుగురిని కూర్చోబెట్టాలన్నా గచ్చు ఉంటే ఆ సుఖమే వేరు. ఊడ్చుకోవడం తేలిక. పురుగూ పుట్రా భయం తక్కువ. ఇన్ని లాభాలున్న దానిని వద్దనడానికి ఈ విలేఖరికీ మొదట మనసొప్పలేదు. పైగా 2019లో తన ఇంటి చుట్టూ అంగుళం నేల మిగలకుండా గచ్చు పోయించినవాడు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానను ఈ ప్రాంతంవారు మరచిపోలేరు. పాలేరు పొంగి గరికపాడు వంతెన దగ్గర జాతీయ రహదారి కోతకు గురైంది. అటు నందిగామ వైపు ఐతవరం దగ్గర రోడ్డు మీదికి వరద వచ్చింది. హైదరాబాదు - విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. విజయవాడలో బుడమేరు చేసిన నష్టం దేశమంతా చూసింది. ఏరు పొంగి మీదికి వస్తే వాకిట్లో గడ్డీ మొక్కా ఆపగలిగేది ఏమీ లేదు. ఆ సంగతి ముందే ఒప్పుకోవాలి. కాని ఆ రెండు రోజులలో ఏటి నీరు చేరని వీధులలో కూడా కొన్ని ఇళ్ళలోకి నీరు వచ్చింది. అది ఏరు తెచ్చింది కాదు. ఇరుగు పొరుగు వాకిళ్ళు తెచ్చింది.

మా వీధిలో ఒక పాత పెంకుటిల్లు ఉంది. కట్టిన రోజుల్లో అది వీధికన్నా రెండు మెట్లు ఎత్తు. తరువాత రోడ్డు మీద రోడ్డు పడింది. కొత్త ఇళ్ళు కట్టినవారు ఒకరిని చూసి ఒకరు గ్రావెల్ తోలించి తమ స్థలాలు ఎత్తు చేసుకున్నారు. ఇప్పుడు ఆ ఇంట్లోకి పోవాలంటే రెండు మెట్లు దిగాలి. అందులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. వరసకు ఈ విలేఖరికి పెద్దమ్మ అవుతుంది. సెప్టెంబరు 1 ఉదయం ఆమె బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని, పక్కన తాను కూర్చుని ఉంది. కింద పిక్కల దాకా నీరు. నీళ్ళు తోడడానికి బకెట్టు పట్టుకుని వెళ్ళిన ఈ విలేఖరితో ఆమె అన్న మాట ఒక్కటే.

"తోడతావు, బాగానే ఉంది. ఇయ్యి నీ వాకిట్లో నీళ్ళేగా అబ్బాయ్."

అందులో అబద్ధమేమీ లేదు. కావలసినవారు లెక్క చూసుకోవచ్చు. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. సెంటు నేల అంటే సుమారు 40 చదరపు మీటర్లు. ఇల్లూ వాకిలీ కలిపి 3 సెంట్ల స్థలం ఉందనుకుంటే, దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 12 వేల లీటర్లు. పదిహేను లీటర్లు పట్టే బిందెతో కొలిస్తే 800 బిందెలు. వెనుకటి రోజులలో ఈ నీటిలో కొంత పెరటి గుంటల్లో నిలిచేది, కొంత గడ్డిలో చిక్కుకుని నెమ్మదిగా కదిలేది, ఎండాకాలం నెర్రెలు విచ్చిన నేలలోకి మొదటి వానలు నేరుగా దిగేవి. ఇప్పుడు 800 బిందెలూ ఒకేసారి గేటు దాటి వీధిలో పడుతున్నాయి. వీధిలో అందరికన్నా పల్లంలో ఉన్నవారి గుమ్మంలోకి పోతున్నాయి. పల్లంలో ఉండేది సాధారణంగా పాత ఇల్లు. పాత ఇంట్లో ఉండేది సాధారణంగా ఎత్తు చేయించుకునే స్తోమత లేనివారు.

ఆ తరువాత ఈ విలేఖరి తన వాకిట్లో గచ్చు సగానికి పైగా గునపంతో పగలగొట్టించి, కూలివారితో పాటు తానూ పార పట్టి, ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా చేసుకున్న మార్పులు ఇక్కడ రాయడమైనది. వీటికి ఇంజనీరు అక్కరలేదు. నర్సరీ ఖర్చు కూడా లేదు. పలుగు, పార, తట్ట, ఒక కొడవలి, నాలుగు ఆదివారాల తీరిక ఉన్న ఎవరైనా చేసుకోవచ్చు.

రేగడితో జాగ్రత్త

మొదట ఒక హెచ్చరిక. పత్రికలలో, సెల్‌ఫోన్లలో వచ్చే ఇంటి తోటల సలహాలు చాలావరకు ఎర్రనేలకో ఇసుకనేలకో సరిపోయేవి. మన నేల వేరు. రేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే జిగట మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చే నేల, శ్రావణానికి ఒక్క చీలిక లేకుండా మూసుకుపోవడం రైతులందరికీ తెలిసిందే. పునాది కింద ఒక పక్క తడిసి ఇంకొక పక్క పొడిగా ఉంటే గోడ ఆ తేడాకు తట్టుకోలేక చీలుతుంది. మన వైపు గుమ్మాల మూలల్లో, కిటికీల కింద కనిపించే ఏటవాలు బీటలలో చాలావాటికి కారణం ఇదే. సిమెంటు పాలు తగ్గిందనీ, మేస్త్రీ మోసం చేశాడనీ అనుకుంటారు గాని, గోడ పక్కన రోజూ పోసే స్నానం నీళ్ళను ఎవరూ అనుమానించరు.

కాబట్టి గచ్చు అసలే వద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గోడ చుట్టూ మూడడుగుల వెడల్పున, బయటికి వాటంగా, గచ్చు పట్టీ ఉండవలసిందే. అది పునాదికి గొడుగు. ఆ మూడడుగులు దాటిన తరువాత నేలను నేలగా వదలాలి.

అదే కారణాన ఇంకుడు గుంతను కూడా గోడ పక్కన తవ్వకూడదు. తవ్వే ముందు నేల నీరు తాగుతుందో లేదో చూసుకోవాలి. అడుగు లోతు గుంట తీసి, నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వాలి. మళ్ళీ నింపి, గడియారం చూసుకోవాలి. మరునాటికి కూడా నీళ్ళు అలాగే ఉంటే అక్కడ ఇంకుడు గుంత దండగ, దోమల తొట్టి అవుతుంది. పాలేటి ఒడ్డు వైపు ఇసుక కలిసిన నేలలు, గుట్టల వైపు గరపనేలలు ఉన్నవారికి ఇంకుతుంది. నికరమైన రేగడి అయితే ఇంకదు.

ముందు వాటం, తరువాత మొక్క

అందరూ చేసే పొరపాటు మొక్కలతో మొదలుపెట్టడం. పేటకు పోయి నాలుగు కుండీలు, రెండు పూలమొక్కలు కొనుక్కొచ్చి, వాటిని ఎక్కడ పెట్టాలా అని చూస్తారు. మొదట చూడవలసింది నీరు. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఒక అరగంట వాకిట్లో నిలబడితే చాలు. నీరు ఎక్కడ పడుతోంది, ఎటు పరుగెత్తుతోంది, ఎక్కడ ఆగుతోంది అన్నది కళ్ళకు కనిపిస్తుంది. ఆగిన చోటల్లా ఒక పుల్ల గుచ్చండి. వాన వెలిశాక ఆ పుల్లలే మీ పటం.

గోడనుంచి బయటికి పది అడుగుల దూరానికి రెండున్నర అంగుళాల వాటం ఉంటే నీరు నిలవదు. మరీ ఎక్కువైతే మట్టి కోసుకుపోతుంది. వాటం చూడటానికి రసమట్టం లేకపోయినా ఇబ్బంది లేదు. సన్నని ప్లాస్టిక్ గొట్టంలో బుడగ లేకుండా నీళ్ళు నింపి, రెండు కొసలూ రెండు కర్రలకు కట్టి చూస్తే రెండువైపులా నీటిమట్టం ఒకటే చూపుతుంది. మేస్త్రీలు చేసేదీ అదే. ఎత్తున ఉన్న మట్టి తీసి పల్లంలో వేసి దిమ్మిస కొట్టాలి. బయటనుంచి గ్రావెల్ తోలించడం ఎంత తగ్గిస్తే అంత మంచిది. మీరు ఒక అడుగు ఎత్తితే పక్కవారు అడుగున్నర ఎత్తుతారు. ఈ పందెంలో ఏ వీధీ బాగుపడలేదు. వాననీటి తగాదాలు పెద్దమనుషుల దగ్గరికి, ఒక్కోసారి పోలీసుస్టేషను దాకా పోవడం విలేఖరులకు కొత్త వార్త కాదు.

ఈ వాటమంతా స్థలంలో ఒక మూలకు, గోడకు కనీసం పది అడుగుల ఎడంగా ఉన్న మూలకు పోయేలా చూసుకోవాలి. అక్కడ మంచమంత వెడల్పున, జానెడు లోతున ఒక పళ్ళెంలాంటి గుంట చేస్తే వానలో మొదటి నీరు అక్కడ ఆగుతుంది. నిండిన తరువాత పొర్లే నీటికి వీధి కాలువ వైపు దారి పెట్టాలి, పొరుగింటి వైపు కాదు. ఇలాంటి గుంటలకు అమెరికాలో వాన తోటలని పేరు. 1990 ప్రాంతంలో మేరీలాండ్ రాష్ట్రంలోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో కొత్త ఇళ్ళ కాలనీకి మురుగు కాలువల ఖర్చు తగ్గించడానికి వీటిని మొదలుపెట్టారు. అక్కడినుంచి ఎన్నో దేశాలకు పాకింది. మన పెరట్లో అరటి పాదు చేసే పని కూడా కొంతవరకు ఇదే గదా అనిపిస్తుంది. కాకపోతే వారు దానికి లెక్కా కొలతా కట్టారు. మనం పాదును పూడ్చి గచ్చు వేశాం.

బండల బాట

బురద బాధ తీరాలంటే మొత్తం గచ్చు అవసరం లేదు. కాలు పడే చోట రాయి ఉంటే చాలు. మన ప్రాంతానికి రాతి కరువు లేదు. జగ్గయ్యపేట చుట్టూ భూమిలో ఉన్నది సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చింది అందుకే. జగ్గయ్యపేట ధనం బోడు మీద 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు బయటపడిన బౌద్ధస్తూపపు పలకలు కూడా సున్నపురాయే. ఆ శిల్పాలు మద్రాసు మ్యూజియానికి వెళ్ళాయి. కృష్ణ దాటితే పల్నాడు నాపరాయి. ఇళ్ళు కట్టేటప్పుడు పగిలిన నాపబండల ముక్కలు ప్రతి ఊళ్ళోనూ గోడల పక్కన పడి ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు, పైగా తీసుకుపోయినందుకు సంతోషిస్తారు.

గేటునుంచి గడపకు, గడపనుంచి పెరటికి మీరు నిజంగా నడిచే దారి చూసుకోండి. అది తిన్నగా ఉండకపోవచ్చు. గీత గీసి తిన్నని బాట వేస్తే పిల్లలు పక్కనుంచే నడుస్తారు. ఆ దారి వెంట రెండడుగుల వెడల్పున అర అడుగు రేగడి తీసేయాలి. ఈ పని తప్పించుకోవాలని చూడకూడదు. ఈ విలేఖరి మొదటిసారి రేగడి మీద నేరుగా ఇసుక పోసి బండలు పరిచాడు. రెండు వానలకు బండలు పడవలలా ఊగాయి. తీసిన చోట నాలుగు అంగుళాలు గ్రావెల్ వేసి తడిపి దిమ్మిస కొట్టి, దానిమీద రెండంగుళాలు క్రషర్ డస్టు పరిచి, బండలను కూర్చోబెట్టాలి. బండ కదలకుండా ఉందో లేదో దాని నాలుగు మూలలా కాలు వేసి చూడాలి. బండకూ బండకూ మధ్య రెండువేళ్ళ సందు వదలాలి. సిమెంటు పూయకూడదు. ఎప్పుడైనా నీళ్ళ పైపు పాడైతే బండ ఎత్తి బాగుచేసి మళ్ళీ వేసుకోవచ్చు. సందుల్లో గరిక దానంతటదే వస్తుంది.

గరికతో అలుకు

ఇక అసలు సంగతి. పత్తి, మిరప చేలల్లో రైతును ఏడిపించే కలుపు ఈ గరిక. ఒక్క కణుపు మిగిలినా మళ్ళీ లేస్తుంది. ఆ మొండితనమే వాకిట్లో మేలు చేస్తుంది. వేడి దేశాలన్నింటా పచ్చికకు వాడే బెర్ముడా గడ్డి అంటే వేరే ఏదో కాదు, మన గరికే. దేశంలో చాలా క్రికెట్ మైదానాలలో ఆటగాళ్ళు పరుగెత్తేదీ, ఊళ్ళో వినాయకుడికి పెట్టేదీ ఒకటే జాతి. నర్సరీలలో చదరపు అడుగు లెక్కన చాపల్లా అమ్మే పచ్చికకు డబ్బు పోసి, ఊరి చెరువుగట్టున ఉన్న గరికను గొడ్లకు వదలడం గరికపాడు వారికి తగదేమో.

నేల తయారీకి వేసవి మంచి అదను. తొమ్మిది అంగుళాల లోతు తవ్వి తుంగగడ్డలు ఏరివేయాలి. తుంగ ఒక్కటే గరికకు సమవుజ్జీ. దానిని ఇప్పుడు వదిలితే తరువాత తీయడం ఎవరి తరమూ కాదు. నీళ్ళు చల్లి, మొలిచినదాన్ని పీకి, మళ్ళీ చల్లి, మళ్ళీ పీకాలి. రెండు విడతలు ఇలా చేశాక మాగిన పశువుల ఎరువు కలిపి చదును చేయాలి.

నాటడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. గరిక కాడలను రెండు మూడు కణుపులుండేలా తుంచి, నాలుగైదు అంగుళాల దూరాన గుచ్చుకుంటూ పోవడం ఒకటి. పని ఎక్కువ గాని నమ్మకమైనది. రెండోది ఆడవాళ్ళకు చెబితే నవ్వి, వెంటనే చేసి చూపించే పద్ధతి. గరికను రెండంగుళాల ముక్కలుగా కత్తిరించాలి. రెండు తట్టల గరిక ముక్కలకు ఒక తట్ట మెత్తని మట్టి, ఒక తట్ట పచ్చిపేడ, ఒక పారెడు కట్టెల బూడిద కలిపి, నీళ్ళు పోసి చిక్కగా పిసకాలి. దానిని తడిపిన నేల మీద అంగుళం మందాన పరచాలి. అంటే ఇల్లు అలికినట్టు వాకిలి అలకడమే. పైన పలచగా మట్టి చల్లి, రోజా డబ్బాతో రోజూ తడుపుతూ ఉంటే రెండు వారాలకు పచ్చపచ్చగా కళ్ళు విప్పుతుంది. ఈ పద్ధతి ఉద్యాన శాస్త్ర పుస్తకాలలోనూ ఉంది. అలుకు తెలిసిన మన ఇళ్ళలో మాత్రం ఎవరూ ఎందుకో ప్రయత్నించలేదు. తొలకరి పడగానే చేస్తే నీళ్ళ శ్రమ కూడా తగ్గుతుంది. మూడు నాలుగు నెలలకు చాపలా అల్లుకుంటుంది.

గరిక నీడకు పనికిరాదు. వేపచెట్టు కింద ఎంత అలికినా రాదు. అక్కడ రాలిన ఆకునే పరిచి వదిలేయడం మేలు. పొలానికి ఆనుకుని ఇల్లున్నవారు గరిక చుట్టూ జానెడు లోతు బండ అంచు పెట్టుకోవాలి, లేదా చేలోకి పాకించిన పాపం కట్టుకోవలసి వస్తుంది.

గడ్డి అంటే పాములు వస్తాయన్న భయం అందరిదీ. అది తీసిపారేయదగిన భయం కాదు. పొలాల్లో, ఇళ్ళల్లో పాముకాటు సంగతులు ఏటా వింటూనే ఉన్నాం. కాని రెండంగుళాలకు మించకుండా కోసిన గరికలో పాము దాక్కోలేదు. పాము వచ్చేది ఎలుక కోసం. ఎలుక ఉండేది గోడవారగా పేర్చిన కట్టెల మోపుల్లో, ఇటుక రాళ్ళ గుట్టల్లో, పనికిరాని సామాను కింద. పచ్చిక వేసేముందు ఇవి తీసేయాలి. ముఖ్యంగా పత్తి కట్టె. పొయ్యిలోకి పనికొస్తుందనో దడి కట్టుకోవచ్చుననో ఏడాది పొడవునా పెరట్లో నిలవ పెడతారు. దానికి అంటుకుని ఉన్న ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి, మళ్ళీ సీజనుకు చేలోకి పోతుంది. ఇల్లు అందంగా ఉండటానికే కాదు, చేను బాగుండటానికి కూడా ఆ మోపులు ఇంట్లో ఉండకూడదు.

పెరట్లో

స్నానాల గది నీళ్ళు, అంట్ల నీళ్ళు వాడుకునే పద్ధతి మనవారికి కొత్తగా చెప్పాలా? గోడకు పది అడుగుల అవతల అరటి పాదుకు చిన్న కాలువ తీసి వదిలితే సరిపోతుంది. అరటి, చేమ, మెట్టతామర ఈ మూడూ నీరు ఎంత ఇచ్చినా తాగుతాయి. మెట్టతామరకు ఎర్రవి, పసుపువి పూలు కూడా ఉంటాయి కాబట్టి మురుగు కనిపించే చోట ముసుగులా పనికొస్తుంది. కాలువలో నీరు నిలవకూడదు. వారానికొకసారి పారతో గీకాలి.

పడమటి గోడకు పందిరి వేయడం మరవకూడదు. మా మెట్టలో వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. సాయంత్రం పూట పడమటి గోడ పెనంలా కాలి, రాత్రంతా ఇంట్లోకి సెగ కొడుతుంది. నాలుగు సరుగుడు కర్రలు, కొంచెం ఇనుప తీగ ఉంటే పందిరి లేస్తుంది. చిక్కుడైతే సంక్రాంతికి కాయలు, దొండ అయితే ఏడాది పొడవునా. పాదులు గోడకు దూరంగా, పందిరి బయటి కర్రల దగ్గర పెట్టి, తీగను గోడవైపు పాకించాలి. గోడ మొదట్లో పాదు పెట్టి రోజూ నీళ్ళు పోస్తే ముందు చెప్పిన బీటల కథ మళ్ళీ మొదలవుతుంది.

దడికి అడ్డసరం, వావిలి, గోరింట ఉన్నాయి. మొదటి రెండింటినీ మేకలు ముట్టవు. పెన్సిలంత లావు కొమ్మలు జానెడు పొడవున కోసి, రెండు కణుపులు భూమిలో ఉండేలా తొలకరిలో గుచ్చితే చాలావరకు నాటుకుంటాయి. రెండు వరసలు, అడుగు దూరం, ఎదురూ బొదురూ కాకుండా. గోరింటను ఏటా కత్తిరిస్తే గుబురెక్కుతుంది, ఆషాఢంలో ఆడపిల్లలు ఎలాగూ కత్తిరిస్తారు. జాతీయ రహదారుల డివైడర్ల మీద గన్నేరు చూసి ఇంటికి తెచ్చుకునేవారు ఉన్నారు. దుమ్ముకూ ఎండకూ తట్టుకునే మొక్కే గాని, ఆకు మొదలు వేరు దాకా విషం. పసిపిల్లలు, గొడ్లు ఉన్న ఇంట్లో వద్దు.

చెట్ల విషయంలో తొందర పనికిరాదు. కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, మందారం, నందివర్ధనం వంటివి ఆరేడు అడుగుల దూరాన ఉన్నా ఫరవాలేదు. వేప, మామిడి, కానుగ ఇరవై అడుగులైనా దూరం ఉండాలి. వేసవిలో పెద్దచెట్టు వేళ్ళు పునాది కింది తడిని పీల్చేస్తే రేగడి కుంగుతుంది. రావి, మర్రి, మేడి మొలకలు గోడ పగుళ్ళలో కనిపిస్తే ఆ రోజే పీకాలి, భక్తి వేరు, పునాది వేరు. త్వరగా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది అని కోనోకార్పస్ నాటుకోవడం పట్టణాలనుంచి పల్లెలకు పాకింది. దాని వేళ్ళు నీటి పైపులనూ కాలువలనూ చెడగొడతాయన్న ఫిర్యాదులతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడం నిషేధించింది. నాటినవారు ఆలోచించుకోవడం మంచిది.

పాత టైర్లకు రంగులు వేసి కుండీలు చేయడం ఒక ముచ్చట. చేసుకోవచ్చు. కింద కన్నాలు పెట్టకపోతే మాత్రం వాననీరు నిలిచి డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. కుండీల కింది పళ్ళాలు, కొబ్బరి చిప్పలు వారానికొకసారి బోర్లించాలి.

మొక్కలకు తెగుళ్ళు, మట్టి సందేహాలు వస్తే గరికపాడులోనే ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పత్తికీ మిరపకూ అడగడానికి వెళ్ళే రైతులు పెరటి సంగతి కూడా అడగవచ్చు.

ఈ పనులన్నిటికీ అయిన ఖర్చులో పెద్దది గచ్చు పగలగొట్టిన కూలి. పోయించినప్పటి కూలికన్నా అది ఎక్కువైంది. పగిలిన పెచ్చులను పారేయకుండా బాట కింద గ్రావెల్‌తో పాటు వాడుకోవడం జరిగింది. 2025 వానలకు వాకిట్లో నీరు గేటు దాటకుండా పోయిందని చెప్పలేం. పెద్ద వానకు దాటింది. కాని ఇంతకు ముందు వానతోపాటు దాటేది, ఇప్పుడు మూలగుంట నిండాక, ఆలస్యంగా, తక్కువగా దాటుతోంది. పెద్దమ్మ ఇంటి గుమ్మంలో ఆ ఏడు తడి కనిపించింది గాని నీరు నిలవలేదు. ఆ ఏడాది వాన 2024 నాటి వాన కాదన్న మాట కూడా నిజమే.

పోయిన వినాయక చవితినాడు ఆమె తెల్లవారుతూనే ఇత్తడి పళ్ళెం పట్టుకుని వచ్చి, వాకిట్లో కూర్చుని గరిక పోచలు ఏరుకుంది. పత్రిలోకి గరిక కొనకపోవడం చాలా ఏళ్ళకు ఇదే మొదటిసారట. లేచి వెళుతూ డాబా వైపు చూసి, "ఆ గొట్టం ఇంకా నా ఇంటి వంకే ఉంది" అని గుర్తుచేసి వెళ్ళింది. డాబా మీది వాననీటి పైపును మూలగుంట వైపు తిప్పడం ఈ వేసవి పనుల్లో మొదటిది.